వాల్వు: తలుపు రెక్క నుంచి పాట దాకా

విశాఖ ఉక్కు కర్మాగారంలో వాల్వు అంటే గొట్టంలో గాలినో నీటినో ఆవిరినో ఆపి వదిలే సాధనం. పాత రేడియోలు బాగుచేసినవారికి అదే మాట లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్డి. రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్‌లో ‘వాల్వా’ అంటే మడత తలుపు రెక్క. కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది గనక, 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ తాను కనిపెట్టిన గాజు బుడ్డికి ఆ పేరు పెట్టాడు. ఇంగ్లండు అలవాటు మనకూ అబ్బి ‘వాల్వు రేడియో’ అన్నాం. 1963లో విశాఖ ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పుడు ఆ సెట్లు ఇళ్లలో ఇంకా మోగుతూనే ఉన్నాయి. అమెరికాలో దాన్నే ‘ట్యూబ్’ అన్నారు.

ఇప్పుడు ఇంట్లోనే పాట రికార్డు చేసుకునేవారికి ఆ అమెరికా పేరే, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే ‘ట్యూబ్ కంప్రెసర్’ ప్లగిన్‌గా ఎదురవుతోంది. గొంతు హెచ్చినచోట తగ్గించి, హెచ్చుతగ్గులను దగ్గరకు చేర్చడం కంప్రెసర్ పని. 1959 నాటి ఫెయిర్‌చైల్డ్ 670 అనే కంప్రెసర్ యంత్రంలో 20 వాల్వులు. తగ్గించే పనీ వాల్వులదే. ఎల్‌ఏ-2ఏ అనే మరో కంప్రెసర్‌లో తగ్గించేది వెలుగుకు స్పందించే రెసిస్టర్. అందులో వాల్వులు శబ్దాన్ని పెంచి, కాస్త నిండుదనం ఇస్తాయి. ఈ రెండింటి ప్లగిన్ నకళ్లనూ ‘ట్యూబ్’ అనే అమ్ముతారు.

కాబట్టి పేరు చూసి మురిసిపోకండి. రెండు మీటల సాదా ప్లగిన్‌తో మొదలుపెట్టండి. శబ్దం ఎంత తగ్గిందో చూపే సూచీ రెండు మూడు డెసిబెల్స్ కదిలితే చాలు. ప్లగిన్ ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ శబ్దమట్టం సమానంగా ఉంచి పోల్చండి. పాటలో ప్రతి అక్షరం తేటగా వినబడితే అక్కడే ఆగండి.