రోల్‌ప్లేయింగ్ ఆటల పత్రికలు, వాటి చందాదారులు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల పత్రికలు 1975 ప్రాంతంలో అమెరికాలో మొదలై, కొద్దికాలంలోనే బ్రిటన్‌లోనూ వేళ్లూనాయి. ఈ ఆటల్లో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ధరిస్తారు. గేమ్ మాస్టర్‌గా కూర్చున్న వ్యక్తి ఆ కల్పిత లోకాన్ని, అందులో ఎదురయ్యే మనుషులనూ ప్రమాదాలనూ వర్ణిస్తూ పోతాడు. ఎటూ తేలని విషయాన్ని పాచికలు తేలుస్తాయి. గెలుపు ఓటములతో ముగిసిపోయే ఆట కాదు కాబట్టి ఒకే కథ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నడుస్తుంది. అన్నాళ్లూ గేమ్ మాస్టర్‌కు కొత్త సరుకు కావాలి. చదరంగం పత్రిక ఆడేసిన ఆటలను విశ్లేషిస్తుంది. ఈ పత్రికలు ఆడబోయే ఆటకు సామగ్రి సమకూర్చాయి. ఆటగాళ్లు వీటికి చందా కట్టడానికి మూలకారణం అదే.

ఈ రకం ఆటల్లో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటను విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన టీఎస్ఆర్ సంస్థ 1974లో విడుదల చేసింది. వెయ్యి ప్రతుల తొలి ముద్రణలో పెట్టెకు మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు. నియమాల్లో ఖాళీలు చాలా ఉండేవి. కొన్నిచోట్ల వాక్యమే అర్థమయ్యేది కాదు. పాత సైనిక వ్యూహ క్రీడలు తెలిసినవారు ఎలాగో నెట్టుకొచ్చారు గానీ, కొత్తవారికి అడిగి తెలుసుకునే దిక్కు లేదు. 1975 వసంతంలో టీఎస్ఆర్ ‘ద స్ట్రాటెజిక్ రివ్యూ’ అనే ఆరు పేజీల పత్రిక తెచ్చింది. మెదడు తినే మైండ్ ఫ్లేయర్ అనే జీవి తొలి సంచికలోనే కనిపించింది. రేంజర్, ఇల్యూజనిస్ట్, బార్డ్ అనే పాత్రల తరగతులు తర్వాతి సంచికల్లో వచ్చాయి. రేంజర్‌ను రాసినది సంస్థ ఉద్యోగి కాదు, జో ఫిషర్ అనే ఆటగాడు. ఈ మూడు తరగతులూ 1978లో వెలువడిన ఆటగాళ్ల ప్రామాణిక గ్రంథంలోకి ఎక్కాయి. అంటే అప్పటిదాకా ఆటలో కొంత భాగం పెట్టెలో కాక పత్రికలో ఉంది. చందా లేనివాడి చేతిలో ఉన్నది పాతబడిన ఆట.

ఏడు సంచికల తర్వాత ఆ పత్రిక స్థానంలో 1976 జూన్‌లో టిమ్ కాస్క్ సంపాదకత్వాన ‘ద డ్రాగన్’ వచ్చింది. నియమాలపై సందేహాలకు జవాబిచ్చే ‘సేజ్ అడ్వైస్’ శీర్షిక 1979 నుంచి అందులో నడిచింది. బల్ల దగ్గర వాదన ముదిరినప్పుడు పత్రికలో అచ్చయిన మాటే తీర్పు. ఒక్కో జీవి ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది అని ప్రకృతి శాస్త్రం ధోరణిలో వివరించే వ్యాసాలు 1983లో మొదలై పత్రికకు గుర్తుగా నిలిచిపోయాయి. లేని జంతువుకు అంత శ్రద్ధగా జీవిత చరిత్ర రాయడం వెలుపలివారికి వింతగా తోచవచ్చు. గేమ్ మాస్టర్‌కు మాత్రం అందులో ఒక రాత్రి ఆటకు సరిపడా ఆలోచన దొరికేది.

సంస్థ తీర్పుతో పనిలేని పత్రికా ముందునుంచే ఉంది. లీ గోల్డ్ 1975 జూన్‌లో లాస్ ఏంజిలెస్‌లో ప్రారంభించిన ‘అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్’ దారి వేరు. అందులో రాసేవారు తమ పేజీలను తామే తయారుచేసి పంపేవారు. ఆమె వాటన్నిటినీ కలిపి కుట్టి తపాలాలో పంపిణీ చేసేది. ఒకరి వ్యాసానికి మరొకరు తర్వాతి సంచికలో బదులిచ్చేవారు. ఊళ్లో తనలాంటి ఆటగాడు మరొకడు లేనివాడికి ఇది నెలనెలా వచ్చే సహవాసం. ఈ పత్రిక 2025 దాకా నడిచింది. ఆటలను అమ్ముకునే సంస్థ దేనికీ చెందని పత్రిక ఇంతకాలం నిలవడం ఈ రంగంలో అరుదు.

చదివేవాడికీ రాసేవాడికీ మధ్య గోడ ఎంత పలచనో బ్రిటన్‌లోని ‘వైట్ డ్వార్ఫ్’లో బాగా కనిపిస్తుంది. గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ తరఫున ఇయాన్ లివింగ్‌స్టన్ 1977లో దీన్ని ప్రారంభించాడు. పాఠకులు కల్పించి పంపిన జీవులను ‘ఫీండ్ ఫ్యాక్టరీ’ అనే శీర్షికలో వేసేవారు. వాటిలో చాలావాటిని డాన్ టర్న్‌బుల్ సంపాదకత్వంలోని ‘ఫీండ్ ఫోలియో’ అనే గ్రంథంలో చేర్చి 1981లో టీఎస్ఆర్ ప్రచురించింది. ఆ పుస్తకం అట్ట మీదికెక్కిన గిత్‌యాంకీ జాతిని కల్పించిన చార్లెస్ స్ట్రాస్ అప్పటికి బడి వయసు కుర్రవాడు. ఆ పేరును అతను జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవల నుంచి తీసుకున్నాడు. స్ట్రాస్ తర్వాత పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు; గిత్‌యాంకీలు 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటర్ ఆటలోనూ ఉన్నారు. కెనడాలో గ్రంథాలయ ఉద్యోగి అయిన ఎడ్ గ్రీన్‌వుడ్‌దీ ఇలాంటి కథే. చిన్నప్పటి నుంచి తాను అల్లుకుంటున్న లోకం గురించి 1979 నుంచి డ్రాగన్‌కు వ్యాసాలు పంపుతూ వచ్చాడు. 1987లో అదే ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ పేరుతో టీఎస్ఆర్ ప్రచురణ అయింది. తన రాత కూడా ఎప్పుడో అచ్చవుతుందన్న ఆశ ఎందరి చేత చందా కట్టించిందో లెక్క కట్టలేం గానీ, అది చిన్న కారణం మాత్రం కాదు.

గేమ్ మాస్టర్లు చందా కట్టడానికి మరో కారణం ఉంది: తీరిక లేకపోవడం. ఒక సాయంత్రం ఆటకు పటాలు గీసి, శత్రువుల బలాబలాలు లెక్కగట్టి, ఊళ్లో జనానికి పేర్లు పెట్టడానికి గంటలు పడుతుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జడ్జెస్ గిల్డ్ 1976లోనే ఈ పనిని వ్యాపారంగా మలచుకుని, ఒక కల్పిత నగరం పటాలనూ వివరాలనూ చందాదారులకు విడతలవారీగా పంపింది. టీఎస్ఆర్ 1986లో రోజర్ మూర్ సంపాదకత్వాన ‘డంజన్’ పత్రిక ప్రారంభించింది. అందులో ఉన్నవి దాదాపుగా ఆడటానికి సిద్ధంగా ఉన్న సాహసగాథలే. విడిగా ఒక సాహసగాథ కొనే ఖర్చుతో ఒక్క సంచికలో మూడు నాలుగు దొరికేవి. దీన్ని కూడా పాఠకులే నింపారు. ఇందులో విద్యార్థిగా రాయడం మొదలుపెట్టిన క్రిస్ పెర్కిన్స్ తర్వాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ ముఖ్య రూపకర్తల్లో ఒకడయ్యాడు.

ఆడే జట్టు దొరకని పాఠకులూ ఉండేవారు. వారికి పత్రికే ఆట. సాహసగాథను కథలా చదువుకుని, తానైతే ఏ తలుపు తెరిచేవాడో ఊహించుకోవడమూ ఒక ఆనందమే. జపాన్‌లో ఇది విడి సాహిత్య ప్రక్రియగా ఎదిగింది. ‘కాంప్‌టిక్’ పత్రిక 1986 నుంచి ర్యో మిజునో నడిపిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను సంభాషణల రూపంలో ధారావాహికగా వేసింది. తర్వాత నవలగా, యానిమేషన్‌గా వచ్చిన ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’ పుట్టింది అందులోంచే.

ఆటలు అమ్మే సంస్థ సొంత పత్రికలో ఒక చిక్కు ఉంది: అది ఎప్పుడు ప్రకటనల కరపత్రంగా మారుతుందో చెప్పలేం. వైట్ డ్వార్ఫ్ మొదట్లో ఇతర సంస్థల ఆటలకూ చోటిచ్చేది. 1980ల చివరికి గేమ్స్ వర్క్‌షాప్ సొంత సరుకైన వార్‌హామర్ బొమ్మల ఆటలకే అంకితమైంది. అమ్మకాల దృష్టితో అది తెలివైన పనే. పాత చందాదారులకు మాత్రం తాము చందా కట్టిన పత్రిక పేరు మిగిలి, విషయం పోయింది.

టీఎస్ఆర్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే ఆటల సంస్థ కొన్నది. డ్రాగన్, డంజన్ పత్రికల ప్రచురణ 2002లో లీసా స్టీవెన్స్ నెలకొల్పిన పైజో సంస్థకు దక్కింది. ఒక సాహసగాథను అనేక సంచికల మీదుగా నడిపించే ‘అడ్వెంచర్ పాత్’ పద్ధతిని పైజో 2003 నుంచి డంజన్‌లో స్థిరపరచింది. ఒక్క సంచిక తప్పితే ఆట మధ్యలో ఆగిపోతుంది కాబట్టి చందా తప్పనిసరైంది. 2007లో విజార్డ్స్ హక్కులు వెనక్కి తీసుకోవడంతో ఆ సెప్టెంబరులో డ్రాగన్ 359వ సంచికతో, డంజన్ 150వ సంచికతో అచ్చులో ఆగిపోయాయి. మిగిలిన చందా సొమ్మును తన కొత్త ‘పాత్‌ఫైండర్’ సాహసగాథల పుస్తకాలకు మళ్లించుకోవచ్చని పైజో పాఠకులకు చెప్పింది. అలా ఆగిపోయిన రెండు పత్రికల చందాదారులే కొత్త వరుసకు తొలి కొనుగోలుదారులయ్యారు. 2009కల్లా పాత్‌ఫైండర్ సొంత నియమాలున్న ఆటగా నిలబడింది. డ్రాగన్ లేని లోటు పూరించడానికి, గతంలో అదే పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన వోల్ఫ్‌గ్యాంగ్ బావర్ 2007లో ‘కోబోల్డ్ క్వార్టర్లీ’ ప్రారంభించి 2012 దాకా నడిపాడు.

డ్రాగన్, డంజన్ తర్వాత 2013 దాకా ఇంటర్నెట్‌లో కొనసాగాయి. సందేహాలకు జవాబులు, తోటి ఆటగాళ్లతో చర్చ అక్కడ ఉచితంగా దొరకడంతో జవాబుల కోసం, చర్చ కోసం చందా కట్టేవారు తగ్గారు. సిద్ధంగా ఉన్న సరుకుకు గిరాకీ మాత్రం పోలేదు. గేమ్ మాస్టర్లు ఇప్పుడు పేట్రియాన్ అనే వెబ్‌సైటులో నెలనెలా డబ్బు కట్టి పటాలు, సాహసగాథలు తెప్పించుకుంటున్నారు. నిధుల సేకరణ వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ 2019లో ‘జీన్ క్వెస్ట్’ పేరుతో చిన్న అచ్చు పత్రికలను ప్రోత్సహించడం మొదలుపెట్టాక, 1975 నాటి స్ట్రాటెజిక్ రివ్యూ అంత పలుచని ప్రచురణలు మళ్లీ తపాలాలో వెళ్తున్నాయి.