చేతనున్న పనిముట్టు

హోరేబు కొండయొద్ద మోషే తన చేతకానితనమును గూర్చి ఎన్నో సాకులు చెప్పెను. అప్పుడు దేవుడు అతనికి క్రొత్త ఆయుధమేదియు ఇయ్యలేదు. అతని చేతనున్న కఱ్ఱను గూర్చియే అడిగెను (నిర్గమకాండము 4వ అధ్యాయము). అది మందవెంట తిరిగి అరిగిపోయిన కాపరికఱ్ఱ. ఆ కఱ్ఱతోనే అతడు ఫరో యెదుట నిలిచెను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మన సంఘములలో తరచుగా వినబడు మాట ఒకటి కలదు. "నాకు చదువు లేదయ్యా, డబ్బు లేదయ్యా, నావల్ల ఏమగును?" అని అందుము. ఆ మాట వినయమువలె కనబడును గాని, అనేక పర్యాయములు అది తలాంతును భూమిలో పాతిపెట్టు గునపమే యగుచున్నది. మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి జవాబున్నది. ఒంగోలు సీమలో జరిగిన సంగతులను ఒకమారు జ్ఞాపకము చేసికొందము.

అమెరికా బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూరున పని ప్రారంభించిరి. సంవత్సరములు గడచినను ఫలము బహు స్వల్పము. 1853లో ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో వారి సభయందు చర్చ జరిగెను. మరుసటి యేడు, అనగా 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జూయెట్ దొరగారును ఆయన భార్యయు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ అనియే పిలుతురు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన జాన్ క్లౌ దొరగారు ఈ దేశమున అడుగుపెట్టినది 1865లో. నడుమ పదకొండు సంవత్సరములు గడచెను.

క్లౌ గారు యౌవనమున అమెరికాలోని మినెసోటా ప్రాంతములో సర్వే బృందముతో కలిసి భూములు కొలిచినవాడు. గొలుసు లాగుట, మట్టము చూచుట, రాళ్లు పాతించుట ఎరిగినవాడు. సువార్త సేవకు పిలువబడినప్పుడు ఆ విద్యతో ఇక పనియేమున్నదని ఎవరైనను అనుకొనవచ్చును. దేవుడు మాత్రము దానిని పారవేయలేదు.

ఆయన కంటె ముందుగా మరియొకనిని చూడుడి. తాళ్ళకొండపాడు గ్రామమున యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద యుండెను. తోళ్ళ వ్యాపారము ఆయన వృత్తి. ఆ వ్యాపారము నిమిత్తము ఏలూరు వైపు వెళ్ళినప్పుడే ఆయన సువార్త వినెను. 1866లో ఆయనయు భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. ఆయన వేదాంత పాఠశాల ఎరుగడు. అయినను ఏ పల్లెకు ఏ దారి పోవునో, ఏ గూడెములో ఎవరు పెద్దయో, ఎవరి ఇంట ఎట్లు మాటలాడవలెనో ఆయనకు తెలియును. ఆ యెరుకనే ప్రభువు పనికి పెట్టెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము 8 మంది సభ్యులతో ఏర్పడెను. అదే నెలలో క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళగా, పేరయ్య సాక్ష్యము విని సిద్ధపడియున్నవారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. ఎనిమిదిమంది గల సంఘమునకు ఒక్క నెలలో ఇరువదియెనిమిదిమంది! తోళ్ళ వర్తకుడు నడచిన దారియే సువార్తకు దారియాయెను.

పిమ్మట 1876లో వానలు తప్పిపోయెను. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొను మహాక్షామము 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించెను. లక్షలకొలది జనులు తిండిలేకయు, తెగుళ్ళచేతను నశించిరి. ప్రజలకు కూలి దొరకునట్లు ప్రభుత్వమువారు తూర్పు తీరమున బకింగ్‌హాము కాలువ పని చేయించిరి. అప్పుడు క్లౌ గారికి తన పాత విద్య జ్ఞాపకము వచ్చెను. సుమారు మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకమును ఆయన కంట్రాక్టు పుచ్చుకొనెను. లాభము కొరకు కాదు, ఆకలిగొన్నవారికి పని చూపుటకు. తన తెలుగు బోధకులను పనివారి పైవిచారణకు పెట్టెను. వేలకొలది జనులు వచ్చి మట్టి మోసి, కూలి తీసికొని, ప్రాణములు నిలుపుకొనిరి. పని ఆగిన వేళలలో బోధకులు వారి నడుమ కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పిరి. కొలతగొలుసు పట్టిన చేయి ఆ దినమున అన్నము పెట్టిన చేయి ఆయెను.

ఇక్కడ మనము గమనింపవలసినది మరియొకటి కలదు. అనేకులు బాప్తిస్మము కోరినను, కరువు దినములలో క్లౌ గారు ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చితిరని ఎవరును అనకూడదు, ఎవరును అట్లు రాకూడదు అని ఆయన తలంపు. చురుకుగా పని చేయువాడే నిదానముగా ఆగుటయు నేర్చుకొనవలెను. సహాయపు పని ముగిసినను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు తీసికొని, మధ్యాహ్నము విశ్రమించి, ఆ పని ముగించిరి. ఆ యేడు ముగియునప్పటికి బాప్తిస్మము పొందినవారు 9,606 మంది.

లోకము ఈ జనులను ఏమని యెంచెను? అంటరానివారు, చదువు రానివారు అనియే గదా. వారి నడుమనుండియే ఉపదేశకులు, ఉపాధ్యాయులు, కాపరులు లేచిరి. వారిలో ఆ శక్తి లేకపోలేదు. దానిని పనికి పెట్టు తావు అంతవరకు వారికి దొరకలేదు. ఆ తావు దొరికిన దినమున వారే లేచి నడచిరి.

కాబట్టి నీ చేతనున్నది చూచుకొనుము. కుట్టుమిషను త్రొక్కు సహోదరీ, నీ యొద్దకు వచ్చు బీద పిల్లకు ఆ పని నేర్పవచ్చును. ట్రాక్టరు నడుపు తమ్ముడా, విధవరాలి చేను సమయమునకు దున్నిపెట్టవచ్చును. డిగ్రీ చదివి ఉద్యోగమునకై కనిపెట్టుచున్న యౌవనుడా, కనిపెట్టుము. అయితే సాయంకాలము గంటసేపు పేటలోని పిల్లలకు లెక్కలు చెప్పుచు కనిపెట్టుము. పెద్దవాడవైతివా? ఊరిలో ఎవరికెవరితో పగయున్నదో నీకు తెలియును, వారిని కూర్చుండబెట్టి సమాధానపరచుము. పేరయ్య తోళ్ళ వ్యాపారమును తక్కువగా ఎంచి, మంచి పని దొరకిన పిమ్మట దేవుని సేవించెదనని కూర్చుండియుండిన యెడల, తాళ్ళకొండపాడు ఎంత కాలము కనిపెట్టవలసియుండునో!

ఒక తలాంతు గలవాడు దానిని పోగొట్టలేదు, దొంగిలింపలేదు. దాచెను, అంతే. ఆ దాచుటయే నేరమాయెను (మత్తయి 25వ అధ్యాయము). జూయెట్ దొరగారు కొండమీద మోకరించిరి, కొండ దిగి పని చేసిరి. మనకును ఆ రెండును కావలెను. ఈ వారము ఒక్క పని నిశ్చయించుకొని, ఆదివారమునకు ముందే దానిని మొదలుపెట్టుదము.

ప్రభువా, మా చేతులలో నీవు పెట్టినదానిని మాకు చూపుము. దానిని చిన్నదని పారవేయకుండ, దాచిపెట్టకుండ, నీ నామమున పనికి పెట్టుటకు ధైర్యము దయచేయుము. ఆమేన్.