వాక్యము, వైద్యము

ఆర్కాటు మిషను తరఫున జేకబ్ ఛేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చారు. వైద్యుడైన ఆయనే తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులయ్యారు. రోగికి మందిచ్చిన చేతితోనే లేఖనములోని మాటకు సరియైన తెలుగు మాట వెదికారు.

పొరుగువాడెవరో మంచి సమరయుని ఉపమానం మనకు నేర్పుతుంది. క్షయ సోకినవారిని అయినవారే దూరముంచిన రోజులలో, పలు మిషనులు ఏకమై మదనపల్లె చెంత శానిటోరియం కట్టించాయి. 1915లో తెరచిన ఆ ఆరోగ్యవరానికి డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ గారు తొలి అధిపతి. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

ఆ ఉపమానానికి మన పెద్దలు వ్రాసిన వ్యాఖ్యానం ఆ మంచాల వరుసలే. ప్రియులారా, మనమూ ఆదివారం లేఖనం చదువుతున్నాము, అర్థం మీద వాదిస్తున్నాము. మన వీధిలో దగ్గుతున్నవాని తలుపు తట్టుతున్నామా? ఈ చరిత్ర మనలను అడిగేది అదే.