నోటి శిలీంధ్ర బయోఫిల్మ్‌లు: పోషకాల పాత్రపై అధ్యయన చరిత్ర

మనిషి నోటిలో నివసించే శిలీంధ్రాలలో ప్రధానమైనది కాండిడా ఆల్బికాన్స్. ఆరోగ్యవంతుల్లో చాలామంది నోళ్ళలో ఇది ఏ హానీ చేయకుండా ఉంటుంది. నాలుక మీద, బుగ్గల లోపలి చర్మం మీద, మరీ ముఖ్యంగా కట్టుడు పళ్ళ అక్రిలిక్ ప్లేటు మీద దీని కణాలు అంటుకుని, పోగులు సాచి, తాము స్రవించిన జిగురులోనే ఇమిడిపోయి ఏర్పరచే పొరను బయోఫిల్మ్ అంటారు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, ఇనుము వంటి పోషకాల లభ్యతను బట్టి ఈ పొర మందం, పెరిగే వేగం మారుతాయి.

బలహీనపడిన రోగులకు ఈ శిలీంధ్రం వల్ల వచ్చే నోటిపూత ప్రస్తావన హిప్పోక్రటీసు పేరిట ఉన్న గ్రంథాలలోనే ఉంది. ఆ తర్వాత అనేక శతాబ్దాల పాటు దాని కారణం తెలియలేదు. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ టైఫాయిడ్ రోగి నోటిపూతలో శిలీంధ్రాన్ని గుర్తించాడు. 1853లో ఫ్రాన్సులో షార్ల్ రోబాన్ దానికి ఓయిడియం ఆల్బికాన్స్ అని పేరు పెట్టాడు. కాండిడా అనే ప్రజాతి పేరు 1923లో డచ్ పరిశోధకురాలు క్రిస్టీన్ బెర్ఖౌట్ ఇచ్చినది.

యాంటీబయాటిక్‌ల రాక ఈ చరిత్రను మలుపు తిప్పింది. తెలుగువాడైన మహాశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఇలాంటి మందులు నోటిలోని బ్యాక్టీరియాను తగ్గించడంతో, పోషకాల కోసం పోటీపడే జీవులు లేక కాండిడా విజృంభించే సందర్భాలు పెరిగాయి. 1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య విభాగానికి చెందిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ ప్రకటించిన నిస్టాటిన్ దీనికి తొలి సమర్థమైన విరుగుడు.

పోషకాల ప్రభావంపై అసలైన పునాది 1980ల్లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో పడింది. శ్రీలంకకు చెందిన లక్ష్మణ్ సమరనాయకే, సహపరిశోధకుడు మెక్‌ఫార్లేన్‌తో కలిసి 1980లో అక్రిలిక్ ఉపరితలానికి కాండిడా అంటుకునే తీరును పరిశీలించి, సుక్రోజ్ అంటే మామూలు పంచదార ఆ పట్టును పెంచుతుందని చూపాడు. 1981లో మెకోర్టీ, జూలియా డగ్లస్ అనే పరిశోధకులు మరింత లోతుకు వెళ్ళారు. తక్కువ గ్లూకోజ్‌లో పెరిగిన కణాల కంటే ఎక్కువ గాఢత గల చక్కెరలలో పెరిగిన కణాలు అక్రిలిక్‌ను గట్టిగా పట్టుకున్నాయి; గెలాక్టోజ్‌లో పెరిగినవి అన్నిటికంటే మిన్నగా అంటుకున్నాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ కణాల చుట్టూ అదనపు పొర కనిపించింది. చక్కెర శిలీంధ్రానికి ఆహారం మాత్రమే కాదని, దాని పైతొడుగునే మారుస్తుందని తేల్చిన ఈ ప్రయోగం నేటికీ విలువైనదే. 1986లో సమరనాయకే పోషకాహారానికీ నోటి కాండిడా వ్యాధికీ ఉన్న సంబంధంపై సమీక్ష రాశాడు. 1994లో హాసర్, డగ్లస్ కాథెటర్ల (శరీరంలో అమర్చే గొట్టాల) పదార్థాలపై బయోఫిల్మ్ పెరుగుదలను పరిశీలించారు. లీటరుకు సుమారు 90 గ్రాముల గెలాక్టోజ్‌లోనైనా, 9 గ్రాముల గ్లూకోజ్‌లోనైనా బయోఫిల్మ్ 48 గంటలకు గరిష్ఠ స్థాయికి చేరి ఆ తర్వాత తగ్గింది. గ్లూకోజ్ తక్కువైన చోట కణాల రాశి కూడా తక్కువే. లాలాజలంలో సహజంగా ఉండే గ్లూకోజ్ ఈ మోతాదులకు చాలా దిగువన ఉంటుంది. మధుమేహ రోగుల్లో అది పెరుగుతుంది.

2001లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఘన్నూమ్ బృందం అక్రిలిక్ ముక్కలపై బయోఫిల్మ్ ఎదుగుదలను మూడు దశలుగా విభజించింది: 11 గంటల లోపు అతుక్కోవడం, 30 గంటల వరకు విస్తరణ, 38 నుంచి 72 గంటల మధ్య పరిపక్వత. పరిపక్వమైన పొరపై మందులు సులువుగా పనిచేయలేదు.

అమైనో ఆమ్లాలది వేరే దారి. గ్లూకోజ్ కొరవడినప్పుడు కాండిడా వాటినే కార్బన్ వనరుగా వాడుకుని అమ్మోనియా విడుదల చేస్తుందని, దాంతో పరిసరాల ఆమ్లత తగ్గి పోగులు సాచడం మొదలుపెడుతుందని 2011లో టెక్సాస్ పరిశోధకులు వెల్లడించారు. ఇనుము విషయంలో లాలాజలంలోని లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచి, శిలీంధ్రానికి అందకుండా చేస్తుంది.

పంచదార ప్రస్తావన 2014లో మళ్ళీ ముందుకొచ్చింది. పంటిని పుచ్చజేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ బ్యాక్టీరియా విడుదల చేసే ఒక ఎంజైము కాండిడా కణాలకు అంటుకుని, సుక్రోజ్ నుంచి అక్కడే జిగురును తయారుచేస్తుందని, ఆ జిగురే రెండు జీవులనూ కలిపి ఉంచుతుందని హ్యూన్ కూ బృందం కనుగొంది. సుక్రోజ్ ఆహారం ఇచ్చిన ఎలుకలలో, ఏదో ఒక సూక్ష్మజీవి మాత్రమే సోకిన వాటి కంటే రెండూ సోకిన వాటి పళ్ళు తీవ్రంగా పుచ్చిపోయాయి.