వార్ధక్యంలో వాహన చోదనం

జహీరాబాదుకు సమీపాన, కర్ణాటక సరిహద్దున ఉన్న మొగుడంపల్లి 2016లో మండల కేంద్రమైనది. పూనా నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం పోయే జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండానే సాగుతున్నది. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండించే ఈ ఎర్రనేలల పల్లెల్లో ఒకనాడు ఎడ్లబండి తోలిన కుటుంబాలవారే నేడు ట్రాక్టరు, మోటారు సైకిలు నడుపుతున్నారు. బండి తోలేవాడు కునికినా ఎడ్లు అతనిని ఇల్లు చేర్చేవి. మోటారుకు ఆ తెలివి లేదు. చూచుట, నిర్ణయించుట, ఆపుట అనే మూడు పనులూ చోదకునివే. కనుక అరవై దాటిన పెద్దాయన బండి నడపవచ్చునా అనే ప్రశ్న ఇంటింటా తలయెత్తుతున్నది. దీనికి చట్టమూ, శాస్త్రమూ సమాధానం వెదకిన తీరు తెలుసుకొనదగినది.

మోటారు కారు పుట్టిన తొలిరోజుల్లో చోదకునికి పరీక్షయే లేదు. బ్రిటనులో 1903 నాటి చట్టం లైసెన్సును తప్పనిసరి చేసినదే గాని, నడిపే నేర్పును పరీక్షించలేదు. అక్కడ కొత్త చోదకులకు పరీక్ష నిర్బంధమైనది 1935 జూన్ 1న. పగటి వెలుతురులో 25 గజాల దూరాన బండి నంబరు చదువుట అందులో ఒక భాగం.

మన దేశంలో 1914, 1939, 1988 సంవత్సరాలలో వరుసగా మోటారు వాహనాల చట్టాలు వచ్చినవి. లైసెన్సు కోరేవారు పూర్తిచేయవలసిన పత్రంలోని ప్రశ్నలు గమనించండి. 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరును ఒక్కొక్క కంటితో గుర్తించగలరా? రేచీకటి ఉన్నదా? మూర్ఛ గాని, తల తిరుగుట గాని ఉన్నదా? ఇవి వయస్సును గూర్చిన ప్రశ్నలు కావు, ఇంద్రియాల శక్తిని గూర్చిన ప్రశ్నలు. 2019 సవరణ ప్రకారం 55 ఏండ్లు దాటినవారికి లైసెన్సు అయిదేసి ఏండ్లకే ఇస్తారు. 40 నిండినవారు పునరుద్ధరణకు వైద్యుని ధ్రువపత్రం జతచేయవలెను. ఇన్ని ఏండ్లు దాటితే సొంత బండి నడపరాదని మాత్రం చట్టం ఎక్కడా చెప్పలేదు.

ఉద్యోగ చోదకుల సంగతి వేరు. నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. ఆ వారసత్వం నుండి వచ్చిన తెలంగాణ ఆర్టీసీలో పదవీవిరమణ వయస్సును 2019 డిసెంబరులో 58 నుండి 60కి పెంచినారు. ఉత్తర్వు సంఖ్యను మార్చినది గాని, చోదకుల చూపు ఆ ఉత్తర్వుతో మారలేదు. అందుచేత వయస్సు వల్ల నిజంగా మారేదేమిటో చూడవలెను.

మొదట మారేది కన్ను. ఏండ్లు గడిచినకొద్దీ కనుపాప చిన్నదవుతుంది. లోపలి కటకం పచ్చబారి, దట్టమవుతుంది. అరవై ఏండ్ల వ్యక్తి నేత్రపటలానికి చేరే వెలుతురు ఇరవై ఏండ్ల యువకునికి చేరేదానిలో సుమారు మూడవ వంతు మాత్రమే. పగలు ఈ లోటు అంతగా తెలియదు. రాత్రి ఎదురుగా లారీ దీపాలు పడినపుడు కన్ను చెదరి, తేరుకొనుటకు ఎక్కువ సమయం పడుతుంది. వెనుక ఎర్రదీపం లేని చెరకు ట్రాలీ ఆ క్షణంలో కనబడదు.

రెండవది అవధానం. దృష్టి రోడ్డు మీదనే ఉంచి, పక్క నుండి దూకే మేకపిల్లను కూడా ఒక్క చూపులో పసిగట్టగల విశాలత వయస్సుతో తగ్గవచ్చు. అమెరికాలో కార్లీన్ బాల్, సింథియా ఔస్లీ ప్రభృతులు దీనిని కొలిచి, 1993లో ఫలితాలు ప్రకటించినారు. ఈ విశాలత 40 శాతమో, అంతకుమించియో తగ్గిన వృద్ధ చోదకులు అంతకుముందు అయిదేండ్లలో ప్రమాదానికి గురియై ఉండే అవకాశం ఇతరుల కంటె ఆరు రెట్లని తేలినది. ఒకే వయస్సువారిలో కూడా ఈ శక్తి ఒకరికి నిలిచి, మరొకరికి తగ్గుతుంది.

అటువంటపుడు 70 దాటినవారందరినీ నిర్బంధంగా పరీక్షించితే మేలు గదా అనిపించవచ్చు. ఫిన్లాండులో అట్టి నిర్బంధం ఉండగా, పొరుగున ఉన్న స్వీడనులో లేదు. రెండు దేశాలనూ పోల్చిన పరిశోధకులు 1996లో ప్రకటించిన ఫలితం అందరినీ ఆలోచింపజేసినది. ఫిన్లాండులో వృద్ధ చోదకుల ప్రమాదాలు తక్కువగా లేవు. పైగా కాలినడకన, సైకిలుపై పోయే వృద్ధుల మరణాలు అక్కడ ఎక్కువగా ఉన్నవి. కారణం ఊహించదగినదే. స్టీరింగు వదలినవాడు ఇంట కూర్చుండడు. పొలానికో, ఆసుపత్రికో పోక తప్పదు. కారు రేకుల రక్షణ లేకుండా అదే రోడ్డు దాటవలసి వస్తుంది.

కనుక తగ్గిన శక్తిని వీలైనంత వరకు తిరిగి ఇచ్చుటయే మంచి మార్గం. శుక్లం, అంటే మన పల్లెల్లో మోతిబిందు అనే పొర, దీనికి చక్కని ఉదాహరణ. శుక్లమున్న 277 మంది వృద్ధులను అమెరికాలో కొన్నేండ్లు పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రకటించినారు. శస్త్రచికిత్స చేయించుకొన్నవారి ప్రమాదాల రేటు, చేయించుకొననివారి రేటులో సగమే. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న పూర్వపు మెదక్ జిల్లాలోనే కంటి వెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించి, ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలు పంచినది. అది రోడ్డు రక్షణకై తలపెట్టిన పథకం కాకపోయినా, ఆ అద్దాలు బండి నడిపేవారికి కూడా అక్కరకు వచ్చేవే.

వృద్ధ చోదకుడు పాటించదగిన నియమాలు కొన్ని ఉన్నవి. ఏటా కన్ను, చెవి పరీక్ష చేయించుకొనవలెను. చీకటి పడకముందే ప్రయాణం ముగించవలెను. ముందు వాహనానికి ఎక్కువ ఎడం ఉంచవలెను. కుడివైపు మలుపులో ఎదురు వాహనాలకు అడ్డంగా పోవలసి వస్తుంది కనుక అక్కడ తొందర పనికిరాదు. మెడ తిరుగుట కష్టమైనవారికి పక్క అద్దాలు సరిగా అమర్చుకొనుట ముఖ్యం. జలుబు, నిద్రలేమి వంటివాటికి వాడే కొన్ని మందులు మత్తు కలిగిస్తాయి గనుక వైద్యుని అడిగిన తరువాతనే బండి ఎక్కవలెను. మోటారు సైకిలుపై హెల్మెటు తప్పనిసరి. తెలిసిన దారిలో తల తిరిగినా, దారి తప్పినా, చిన్నచిన్న తాకిళ్లు తరచైనా, ఇంటివారితో చెప్పి వైద్యుని చూచేవరకు బండి తీయరాదు.

అనుభవం వృద్ధుని ఆస్తి. తన చూపు హద్దు ఎంతవరకో తెలిసినవాడు ఆ అనుభవాన్ని నమ్ముకొని, దాని లోపలనే ధైర్యంగా నడపగలడు.