డెల్ఫ్టుపురచిత్రము - వలందరరేవు

ఒలందాదేశమున హేగునగరమందలి మారిట్స్‌హౌస్ చిత్రశాలలో డెల్ఫ్టుపురదృశ్యమను తైలవర్ణచిత్ర మొకటి గలదు. దానిని రచించినవాఁడు 1632లో నా పురమునందే జనించి 1675లోఁ గాలధర్మము నొందిన యొహానెస్ వెర్మీరు. రచనాకాలము 1660-61 ప్రాంతము. పటము మూఁడడుగులకుఁ గొంచె మెక్కువ యెత్తును, నాలుగడుగులకుఁ గొంచెము తక్కువ వెడల్పును గలది. అందు సగమునకుఁ బైగా నాకాశమే. దాని క్రింద మబ్బునీడలో నున్న ప్రాకారము, రెండు పురద్వారములు, ఎఱ్ఱపెంకుల యిండ్లు, వాని వెనుక నెండ సోఁకి మెఱయు క్రైస్తవదేవాలయగోపురము. ముందు కదలిక లేని రేవునీరు. ఇవ్వలి యొడ్డునఁ బసుపువన్నె యిసుకపై నిద్దఱు స్త్రీలు నిలిచి మాటలాడుచున్నారు. ప్రయాణికుల పడవ యొకటి యొడ్డునఁ గట్టఁబడియున్నది. పురద్వారముమీఁది గడియారము ఏడుగంటలు దాఁటినట్లు చూపుచున్నది. కేక లేదు, తొందర లేదు.

ఈ నెమ్మదికిని గోదావరీతీరమునకును బొత్తేమని పాఠకులకు సందియము కలుగవచ్చును. ఒలందావారి తూర్పిండియా వర్తకసంఘము 1602లో నేర్పడినప్పుడు దాని వ్యవహారము నాఱు శాఖలు పంచుకొనెను. డెల్ఫ్టు అం దొకటి. ఆ సంఘమువారు 1606 నాఁటికి గోలకొండ ప్రభువుల యనుజ్ఞతో మచిలీపట్టణమునఁ గుదురుకొని, 1613 ప్రాంతమునఁ బాలకొల్లున వర్తకశాల నేర్పఱచుకొనిరి. పాలకొల్లు చుట్టుపట్లఁ బల్లెపల్లెను మగ్గము లుండెను. వసిష్ఠగోదావరి చేరువ. నరసాపురమునొద్ద నోడలు గట్టు పనివాండ్రు నుండిరి. వర్తకులకు వలసిన దింతకంటె నేమి?

అయిన నీ వస్త్రములన్నియు నేరుగా నైరోపాఖండమునకే పోయెననుకొనరాదు. లవంగములును జాజికాయయుఁ బండు తూర్పుద్వీపములవారు వెండికంటెఁ జోళమండలతీరపు వస్త్రములనే మిక్కిలిగాఁ గోరిరి. కావున వెండిబంగారములు తెచ్చి యిచట బట్టలు కొని, బట్టలిచ్చి యచట సుగంధద్రవ్యములు గొని, వానిని స్వదేశమున నమ్ముట ఒలందావారి పద్ధతి. నడుమనున్న నేఁతగానికి వర్తకులద్వారా ముందుగా సొమ్ము ముట్టెడిది. నేసినది మాదిరికి సరిపడకున్నఁ ద్రోసివేయఁబడెడిది. చిరివేరుతో నెఱుపెక్కించు నద్దకపువాని గతియు నట్టిదే. డెల్ఫ్టుపురపు సిరి యంతయు నీ మగ్గములనుండి పుట్టెననుట యతిశయోక్తి యగును. ఆ పురమునకు మృత్పాత్రలపరిశ్రమ మొదలగు జీవనములు వేఱుగఁ గలవు. కాని యా రేవుప్రక్క నివసించిన వర్తకసంఘపు భాగస్వాముల లాభములో నీ నేఁతగాండ్ర కష్టము కొంత చేరియున్నదనుట నిక్కము.

ఆ సంఘపు వంగదేశపు హుగ్లీస్థానమును 1665లో హెండ్రిక్ వాన్ స్కూలెన్‌బుర్క్ అను చిత్రకారుఁడు పటమునఁ జూపెను. గోలకొండరాజ్యమునఁ గొలువుచేసిన వైద్యుఁడు డానియల్ హవార్టు 1693లోఁ జోళమండలతీరపు ఒలందావారి యభ్యుదయపతనములను గ్రంథముగాఁ బ్రకటించెను. పాలకొల్లు సీమకు మిగిలినది పటము గాదు, పదము. నరసాపురమున వసిష్ఠాతీరమందలి యొక రేవును జనులు వలందరరేవందురు.

ఈ పదమును 'వల'తో ముడివెట్టి జాలరుల రేవని చెప్ప నెవ్వరికైనఁ దోఁచును. కాని యట్లు విడఁదీసినచో 'అందర' యను శేషమునకు గతి లేదు. ఆ కాలపు రేవులలో విదేశీయవర్తకులకు సామాన్యభాష పోర్చుగీసు. ఆ భాషలో 'హోలందా' పదాదిహకారము పలుకఁబడదు. అందుచేతనే తెలుఁగున 'ఒలందా' యైనది. ఒకారము మొదట వకారధ్వని తోఁచుట మన వ్యవహారమునఁ గ్రొత్త గాదు. ఒకటి వకటి యనఁబడుచున్నదిగదా! దేశనామమునుండి ఒలందా, వలందా యను రూపములును, జనవాచకమగు 'హొలాండర్' అనుదానినుండి రేఫాంతమగు వలందరరూపమును వచ్చెననుట యుక్తము. పాలకొల్లును క్షీరపురి యని సంస్కరించి యుపమన్యుకథతో నన్వయించుట పురాణమర్యాద. దానికిఁ దప్పు లేదు. ఆ మర్యాదనే వలందరపదమునకుఁ బట్టించి బాలురకుఁ గల్పితవ్యుత్పత్తి బోధించినచో రెండువందలయేండ్ల చరిత్ర యొక్కపాఠముతోఁ దుడిచిపెట్టుకొనిపోవును.

అన్యదేశ్యమనఁగనే మొగము చిట్లించు పండితులు రాజావర్తపదమును దలంచుకొనవలెను. రసశాస్త్రగ్రంథములలో నున్న యీ నీలశిలానామము పారసీకమగు 'లాజవర్ద్' శబ్దమునకు సంస్కృతవేషము. వెర్మీరు తన పటములలో విరివిగా వాడిన వెలగల నీలిరంగు ఆ శిల నూఱి చేసినదే. ఆ ఱాయి బదక్షానుగనులది. ఇఁక మన పదమును సముద్రము దాఁటినది. నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము పేర నచటి నూలుబట్ట ఆంగ్లనిఘంటువులలో 'మడపొల్లమ్' అని యెక్కినది. వారి పేరు మన రేవునకు, మన పాలెముపేరు వారి బట్టకు!

వెర్మీరు ఋణగ్రస్తుఁడై చనిపోయెను. ఆయన పటములు 1696లో నామ్‌స్టర్‌డాము వేలమునకు వచ్చినప్పుడు ఈ పురదృశ్యమునకు 200 గిల్డరులు పలికెను. 1822లో దీనిని 2,900 గిల్డరులకుఁ గొని, రాజాజ్ఞచే మారిట్స్‌హౌస్‌నందుంచిరి. పాలకొల్లు చేతులు మాఱుటయు నించుమించుగ నప్పుడే. అంతకుముందే యుద్ధములలో నాంగ్లేయుల వశమై మరల ఒలందావారికిఁ దక్కిన యీ స్థానము, 1824 నాఁటి సంధి ననుసరించి మఱుసటి యేఁడు ఆంగ్లేయులకు స్థిరపడెను. ధవళేశ్వరపు టానకట్ట 1852లోఁ బూర్తియైన పిమ్మట నీ సీమకుఁ గాలువలును, గాలువపడవలును వచ్చెను. వలందరరేవు మాత్రము పేరు మార్చుకొనలేదు. 2015 గోదావరీపుష్కరములకు వచ్చిన యాత్రికులు ఆ రేవున దిగియే స్నానమాడిరి.