దత్తాంశ రక్షణ: రక్షింపదగినది పత్రమా, మనిషియా?

'దత్తాంశ రక్షణ' అన్న మాటకు రెండు అర్థాలున్నవి. సేకరించిన వివరాలు చెడిపోకుండా, పోకుండా కాపాడడం మొదటిది. ఈ దిశలో 1950లో ఒక ముందడుగు పడింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు, 4 ద్వ్యంకాలకు మరి 3 తనిఖీ అంకాలు చేర్చినచో, ఆ 7 అంకాలలో ఏ ఒక్కటి తారుమారైనా యంత్రమే కనిపెట్టి సరిదిద్దగలదని నిరూపించాడు.

అయితే పత్రం భద్రంగా ఉన్నంతమాత్రాన అందులో పేరున్న మనిషి భద్రంగా ఉన్నట్లేనా? నెదర్లాండ్స్ చరిత్ర దీనికి జవాబు చెబుతున్నది. ఆ దేశపు జనాభా రిజిస్టర్లు మిక్కిలి క్రమబద్ధమైనవి. కార్డులలో ప్రతివారి మతమూ ఉండేది. 1940లో నాజీ సైన్యాలు దేశాన్ని ఆక్రమించగా, పరిపాలన సౌకర్యానికై సేకరించిన ఆ వివరాలే యూదులను గుర్తించి పట్టుకొనుటకు సాధనాలైనవి. 1943 మార్చి 27 రాత్రి విలెమ్ అరొండెయస్ మొదలైన ప్రతిఘటన యోధులు పోలీసు దుస్తులలో ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరు కార్యాలయంలో ప్రవేశించి, దానికి నిప్పంటించారు. కార్డులలో కొంత భాగమే నశించింది. పట్టుబడిన వారిలో 12 మందిని జూలై 1న కాల్చి చంపారు. యుద్ధం ముగిసేనాటికి ఆ దేశంలోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులయ్యారు. మొదటి అర్థం ప్రకారం ఆ యోధులు దత్తాంశాలను నాశనం చేసినవారు. కాని వారు కాపాడదలచినది మనుషులను.

వివరాల దుర్వినియోగం నుండి మనిషిని రక్షించడమే రెండవ అర్థం. దీనికి తొలిసారిగా శాసనరూపం ఇచ్చినది పశ్చిమ జర్మనీలోని హెస్సె రాష్ట్రం, అది 1970లో. జాతీయస్థాయిలో 1973లో స్వీడన్ మార్గం చూపింది. తనను గూర్చిన వివరాల వినియోగాన్ని నిర్ణయించుకొనే హక్కు సూత్రప్రాయంగా వ్యక్తిదేనని, 1983లో జనగణన వ్యాజ్యంలో పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యంలో, గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత దత్తాంశ రక్షణకు చట్టం చేసింది. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలను వినియోగించుటకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనన్నది అందులోని ఒక నియమం.

కనుక పాఠశాల రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేసినంత మాత్రాన ఉపాధ్యాయుని బాధ్యత తీరదు. ఈ వివరం అసలు అవసరమా, ఇది ఎవరి చేతికి పోగలదు అన్న ప్రశ్నలు రాయబోయే ముందే వేసుకోవాలి. రాయని వివరాన్ని ఎవరూ దుర్వినియోగం చేయలేరు. దానిని కాల్చుటకు ఎవరూ ప్రాణమివ్వవలసిన పనీ ఉండదు.